చిన్నత్త చదివిన దెయ్యాల పుస్తకాలు

ఈ వేసవి సెలవులన్నీ తిరుపతిలో అద్దె పుస్తకాల కొట్టు చుట్టూ తిరగడంతోనే గడిచిపోయాయి. ముప్పైకి దగ్గర పడుతున్న సైన్సు టీచరు సంచిలో వంకాయల కింద కామిక్స్ పెట్టుకుని ఇంటికి పోతుందంటే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మరు. కొట్టాయన మాత్రం నన్ను దూరం నుంచే గుర్తుపట్టి "టీచరమ్మా, కొత్త దెయ్యమొచ్చినాది, రండి" అని కేకేస్తాడు. వీధిలో జనం తిరిగి చూస్తారు. ఆ కాసేపు సిగ్గుపడి, తరువాత పుస్తకం తీసుకుంటాను.

చదివినవాటిలో ఫైటింగు పుస్తకాలే ఎక్కువ. సముద్రం అడుగున దొంగబంగారం వెతికే గజ ఈతగాడి కథ ఒకటి. బొమ్మలు చక్కగా ఉన్నాయి, చేపలకు కూడా ముఖాల్లో కళ ఉంది. కానీ నోట్లో గాలి గొట్టం పెట్టుకున్న మనిషి నీళ్ళ అడుగున అరపేజీ ఉపన్యాసం ఇస్తాడు. రైలు పైకప్పు మీద కొట్టుకునే కథ ఇంకొకటి. అందులో విలన్ చెంప మీది గాటు ఒక పేజీలో ఎడమవైపు, ఇంకో పేజీలో కుడివైపు. అయినా ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. రైలు వంతెన మీదికి వచ్చే బొమ్మ ఒకటి ఉంది, కింద నది కనిపించదు, తెల్లకాగితం వదిలేశాడు. చూస్తుంటే అరికాళ్ళు జలదరిస్తాయి.

దెయ్యాల పుస్తకాల విషయంలో మాత్రం నాకు కొట్టాయనతో ఎప్పుడూ తగువే. మొన్న ఇచ్చిన దాంట్లో రాతి బంగళా, చచ్చిపోయిన పనిమనిషి, తనంతట తానే మోగే గంట ఉన్నాయి. మెట్లున్న బొమ్మలో సగం నల్లసిరా నింపి వదిలేశాడు. ఆ నలుపులో ఎవరో ఉన్నారని ఎక్కడా రాయలేదు. అది చూశాక కాళ్ళు కుర్చీ మీదికి తీసి పెట్టుకున్నాను. తీరా చివరికి వచ్చేసరికి ఆ పనిమనిషి లేచి వచ్చి ఇంట్లో ఉన్నవాళ్ళనందరినీ గొంతు పిసికి చంపుతుంది. అన్ని పుస్తకాల్లోనూ ఇదే. చచ్చినవాళ్ళు పగతోనే వస్తారు, పగ తీరగానే పోతారు. చచ్చినవాళ్ళు ఎందుకు వస్తారో ఈ పుస్తకాలు రాసేవాళ్ళకు తెలియదని నా అభిప్రాయం. నాకు మాత్రం తెలుసా అంటే, తెలియదు. కానీ ఒకరు వస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూశాను.

అప్పుడు నేను ఇంటర్ తప్పి పాకాలలో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాడు. ఆయన మొదటి భార్యను నేను పెద్దత్త అనేదాన్ని. పెద్దత్తకు ఆడబిడ్డ పుట్టి నడకలు నేర్చిన ఏడాదే కామెర్లు వచ్చి పోయింది. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకే మామకు మళ్ళీ పెళ్ళి మాట మొదలైంది. ముందు నా పేరే అనుకున్నారు. మేనమామకు ఇవ్వడం మా వైపు మామూలే. మా అవ్వ, అంటే మామను, అమ్మను కన్నతల్లి, నన్నే చేసుకొమ్మని పట్టుబట్టింది. మామే వద్దన్నాడు. "పసిదానికి తల్లి రక్తముండే మనిషి కావల్లమ్మా" అని చెప్పి పెద్దత్త చెల్లెలినే చేసుకున్నాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే, నా బదులు ఇంకొకరు ఆ ఇంట్లోకి పోతున్నారన్న బెంగ కూడా పట్టుకుంది.

ఆమె చిన్నత్త. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది, అంతే. కొత్తకోడలికి తోడుగా, పాపను ఆడించడానికి నన్ను చిత్తూరు పంపారు. చిన్నత్త పుట్టిల్లు వేలూరు పక్కన. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువు మాత్రం అరవం. అందుకని ఆమెకు తెలుగు చదవడం రాదు. ఇంటి నిండా అక్క వస్తువులే. అక్క చీరలు, అక్క పసుపు గిన్నె, అక్క పాప. పోయిన సవతి పేరు మీద తాళి పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ కట్టిస్తారు కదా, అదీ మెళ్ళో ఉండేది. అవ్వ పిలిచేటప్పుడు కూడా ఒక్కోసారి పొరపాటున అక్క పేరే వచ్చేది. చిన్నత్త ఆ పేరుకు పలికేది కాదు. పని మాత్రం చేసిపెట్టేది.

ఒక మధ్యాహ్నం పాపను నిద్రపుచ్చి వెనక వసారాలోకి పోతే చిన్నత్త బెల్లం దిమ్మెల గోనె మీద కూర్చుని ఏదో చదువుతోంది. నన్ను చూసి తొడ కింద పెట్టుకుంది.

"ఏం సదవతా ఉండావత్తా?"

"నవ్వనంటే సెప్తా."

"నవ్వను."

తీసి చూపించింది. అరచేతిలో పట్టేంత అరవ బొమ్మల పుస్తకం. అట్ట మీద శవపెట్టెలోంచి లేస్తున్న చెయ్యి. నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. ఆమే ముందు నవ్వింది. అంతకుముందు ఆమె నవ్వగా నేను చూడలేదు.

మామ సరుకు పని మీద వేలూరు పోయినప్పుడల్లా ఆమెకు ఏం తేవాలని అడిగేవాడట. మొదటిసారి ఆమె సిగ్గుపడుతూ అడిగిందే ఈ పుస్తకాలు. పుట్టింట్లో ఉన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇవే చదివేవాళ్ళట. అక్క బయటికి చదివితే చెల్లెలు వినేది. చదవడం వచ్చాక కూడా చిన్నత్తకు వినడమే అలవాటు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మావి అయ్యాయి. మామ మండీకి పోయేవాడు. అవ్వ రెండు కళ్ళకూ పొరలు వచ్చి ముందు గదిలో నులకమంచం మీద పడుకుని ఉండేది. వసారాలో ఎండ గోడ దాకా వచ్చి ఆగేది. బెల్లం వాసన, దాని మీద ముసిరిన ఈగలు. పాప చిన్నత్త ఒడిలో నిద్రపోయేది. ఆమె ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, ఇంకో చేత్తో మెళ్ళో బిళ్ళను రెండు వేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ, అరవం చూసి తెలుగులో చెప్పేది. కథ అయ్యాక ఇద్దరం తీర్పు చెప్పుకునేవాళ్ళం.

"ఈ గుర్రానికి అయిదు కాళ్ళుండాయి, సూడు" అనేది.

"అది తోకత్తా."

"తోకయితే గిట్ట ఎందుకుండాది?"

ఫైటింగు పుస్తకాల మీద ఆమెకు పెద్ద గౌరవం లేదు. హీరోకు ఎన్నిసార్లు తుపాకీ గుండు తగిలినా భుజానికే తగులుతుందని, వాడికి భుజం తప్ప ఒళ్ళు లేదా అని అడిగేది. దెయ్యాల పుస్తకాలంటేనే ఇష్టం. వాటిని 'పేయి కతలు' అనేది. "మన పేయిలు సింతసెట్టు మీద కుచ్చుంటాయి. ఈ దొరల పేయిలకు మంచం, పెట్టె, దుప్పటి, అన్నీ ఉండాయి. బతికినోళ్ళ కంటే బాగుండాయి" అనేది.

ఆమె చెప్పే దెయ్యాల కథల్లో ఒక వింత ఉండేది. ఎంత భయంకరంగా మొదలైనా దెయ్యం ఎవరినీ ఏమీ చేసేది కాదు. ఇంట్లోకి వచ్చేది. దువ్వెన వెతుక్కునేది. కిటికీ తలుపు సరిగా పడలేదని గొణిగేది. పసిబిడ్డకు పాలు తాపినారా అని అడిగి వెళ్ళిపోయేది. చెప్పేటప్పుడు చిన్నత్త గొంతు కొంచెం కిందికి దిగేది, బొంగురుపోయినట్టు. మధ్యమధ్యలో "ఊఁ కొట్టు, లేకుంటే ఆపేస్తా" అని బెదిరించేది. భయపెట్టే కథకు తగ్గట్టు గొంతు మారుస్తోందని అనుకున్నాను.

ఒకసారి ఓడ కెప్టెన్ కథ వచ్చింది. అతని మొదటి పెళ్ళాం సముద్రంలో మునిగిపోయి ఉంటుంది. రెండో పెళ్ళాం కొత్తగా ఆ ఇంటికి వస్తుంది. మొదటామె తడిజుట్టుతో మెట్లెక్కి వస్తుంది. నేను ఊపిరి బిగబట్టాను.

"వచ్చి అలమారు తీసినాది. సీరలన్నీ వాసన సూసినాది. వంటింట్లోకి పోయి, ఊరగాయ జాడీ మూత సరిగ్గా పెట్టలేదే, చెమ్మ తగిలితే బూజు పడతాది గదా అనింది. మూత పెట్టేసి పోయినాది."

"దొరలకు ఊరగాయ యాడిదత్తా!" అని నేను పగలబడి నవ్వాను.

ఆమె నవ్వలేదు. పేజీ తిప్పింది.

రోజూ ఆమె భుజం మీదుగా చూసి చూసి నాకు అరవ అక్షరాలు పట్టుబడ్డాయి. చిత్తూరులో బస్సుల మీద, కొట్ల మీద అరవం బోర్డులు ఎక్కడ చూసినా ఉండేవి. వాటితో కూడబలుక్కునేదాన్ని. ముందు అక్షరాలు, తరువాత చిన్న చిన్న మాటలు. అప్పుడు ఒక సంగతి కంటబడింది. బొమ్మలో మనిషి నోటి దగ్గర రెండే మాటలు రాసి ఉండేవి. చిన్నత్త మాత్రం ఎంతోసేపు చెప్పేది. కొన్ని బొమ్మల్లో మాటలే ఉండేవి కావు. అక్కడ ఇంకా ఎక్కువ చెప్పేది.

ఆమె స్నానానికి పోయినప్పుడు ఓడ కెప్టెన్ పుస్తకం తీసి చివరి పేజీ చూశాను. ఊరగాయ లేదు, అలమారు లేదు. తడిజుట్టు ఆమె ఆ జుట్టుతోనే రెండో పెళ్ళాం గొంతుకు ఉరి బిగించి ఉంది. పక్కన పెద్ద అక్షరాలతో 'సెత్తుప్పో' అని ఉంది. చచ్చిపో అని. ఆ మాట చదవడానికి నాకు అరవం పెద్దగా రానక్కరలేకపోయింది.

చిన్నత్త తల తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తా, ఇందులో అట్ల లేదే. ఈమె ఆమెను సంపేస్తా ఉండాది."

ఆమె పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. దొరికిపోయినట్టు లేదు ఆ ముఖం. కొంచెం ఆశ్చర్యంగా ఉంది.

"సదివేసినావా?"

"నువ్వెందుకు మారుస్తావు?"

"నేను మార్సలేదు అమ్మణ్ణీ. అక్క ఇట్లే సదువుతాది."

"అది అప్పుడు కదా. ఈ పుస్తకం మొన్న మామ తెచ్చినాడు. పెద్దత్త దీన్ని సూసిందే లేదు."

చిన్నత్త గోనె మీద కూర్చుని తడి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"సిన్నప్పుడు నేను బయపడతానని అక్క కథ మార్సి సెప్తా ఉన్నింది. మాటలు ఒకటుంటే అది ఇంకొకటి సెప్పేది. ఈడికి వచ్చినాక నేను ఒక్కదాన్నే పుస్తకం తెరిస్తే, చెవి పక్కన అదే సెప్తా ఉండాది. అది సెప్పిందే నేను నీకు సెప్తా ఉండా. అక్షరాలు నేను సూసేదే లేదు."

మిట్టమధ్యాహ్నం. వీధిలో జట్కా పోతున్న చప్పుడు వినబడుతోంది. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. పాకాలకు వెళ్ళిపోతానని ఆ సాయంత్రం అనుకున్నాను. పోలేదు. మర్నాడు మధ్యాహ్నం అయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే వసారాలోకి నడిచాయి. ఆమె పుస్తకం తెరిచింది. గొంతు దిగింది. ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి గుర్తుపట్టాను. పెద్దత్త నాకు తలదువ్వుతూ మాట్లాడిన గొంతు అదే.

గుర్తుపట్టింది నేనొక్కదాన్నే కాదు. ఒకరోజు చిన్నత్త సముద్రపు దీపస్తంభంలో ఉండే దెయ్యం కథ చెబుతోంది. గోడను తడుముతున్న చప్పుడైంది. మంచం దిగని అవ్వ గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వసారా గడప దాకా వచ్చింది. పొరలు కమ్మిన కళ్ళు మా వైపు కాకుండా ఎటో చూస్తున్నాయి.

"పెద్దదానా, ఎప్పుడొస్తివే?" అంది.

చిన్నత్త పుస్తకం మూయబోయింది.

"ఆపద్దు. సెప్పు. నేనూ వింటా."

అవ్వ గడప మీద కూలబడింది. చిన్నత్త నా వైపు చూసింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. దీపస్తంభం దెయ్యం దీపంలో నూనె ఉందో లేదో చూసి, వత్తి ఎగదోసి, ఒడ్డున ఎండేసిన బట్టలు తడుస్తాయని తీసి లోపల వేసి వెళ్ళిపోయింది. అవ్వ ప్రతి మాటకూ ఊఁ కొట్టింది. తరువాత చెయ్యి చాచి గాలిలో వెతికింది. చిన్నత్త మోకాలు తగిలింది.

"నిన్ను వేలూరు పెద్దాసుపత్రికి తీసకపోతామని నీ మొగుడంటే నేనే వద్దంటి. ఆకుమందుతో తగ్గిపోతాదంటి. నాకు తగ్గినాది, నా తల్లికి తగ్గినాది, నీకూ తగ్గుతాదనుకుంటి. నా మీద కోపంగా ఉండాదా?"

ఈ సంగతి నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ పైకి అనుకున్నది కాదు. చిన్నత్తకూ తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది. పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మాట్లాడినప్పుడు గొంతు తనదే.

"అది అట్లాంటివి మాట్లాడదత్తా. కథలే సెప్తాది."

"నువ్వు అడిగి సూడే."

"అడిగినా. నా మాట నేనూ అడిగినా. నీ ఇంట్లోకి వచ్చినానే, నీ బిడ్డ నన్ను అమ్మా అంటా ఉందే, కోపమా అని ఎన్నో సార్లు అడిగినా. పలకదు. పుస్తకం మూస్తే పోతాది."

అవ్వ తల ఊపింది. చెయ్యి మాత్రం మోకాలి మీద నుంచి తీయలేదు.

ఆ తరువాత మేము ముగ్గురమయ్యాం. భోజనాలు కాగానే అవ్వ ముందే వచ్చి గడప దగ్గర కూర్చునేది. ఫైటింగు కథ అయినా, దెయ్యం కథ అయినా ఒకేలా వినేది. ఆమెకు కావలసింది కథ కాదు. ఒక్కోసారి మధ్యలో కునుకు పట్టేది. గొంతు ఆగితే లేచేది.

మామకు తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది. గిడ్డంగి తాళం మరిచిపోయి ఒకరోజు ఎండవేళ ఇంటికి వచ్చాడు. రైలు మీద కొట్టుకునే కథ నడుస్తోంది. వంటింటి గుమ్మంలో ఆగిపోయిన ఆయన్ను నేనే చూశాను. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ముఖం తడిగానే ఉంది. తాళం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచాడు, ముద్ద మింగలేదు. మళ్ళీ వేలూరు పోయినప్పుడు పుస్తకాలు తేలేదు.

"బొమ్మల పుస్తకాలేవి రా?" అని అవ్వ అడిగింది.

"యాడా దొరకలేదమ్మా."

"అబద్దాలు సెప్పద్దు. నాకు కండ్లు లేవు. చెవులు గూడా లేకుండా సేస్తావా?"

మామ తరువాతిసారి రెండు చేతులా పట్టుకున్నన్ని తెచ్చి వసారాలో పెట్టి, చిన్నత్త ముఖం చూడకుండా మండీకి వెళ్ళిపోయాడు.

విషయం మా అమ్మ చెవిన పడింది. పాకాల నుంచి పరుగున వచ్చింది. "దయ్యం పట్టినాది దీనికి. మంత్రగాని దగ్గరికి పోదాం" అంది. మామ ఒప్పుకోలేదు. చివరికి కాణిపాకం పోయి వద్దామని రాజీ పడ్డారు. పాపను ఎత్తుకుని అందరం బస్సెక్కాం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరుసలో నిలబడ్డాం. వినాయకుడి ముందుకు రాగానే అమ్మ చిన్నత్త మోచేయి పట్టుకుని "పొమ్మని మొక్కుకో, మనసులో గట్టిగా మొక్కుకో" అని చెవిలో చెప్పింది. చిన్నత్త కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది.

"మొక్కుకున్నావా అత్తా?"

"పొమ్మని మొక్కలేదు. ఉండమనీ మొక్కలేదు. పాపకు దగ్గు తగ్గల్లని మొక్కినా."

మర్నాడు పుస్తకం తెరిస్తే గొంతు మామూలుగానే దిగింది. అవ్వ గడప మీద నిశ్చింతగా కాళ్ళు చాపుకుంది. అమ్మ తల పట్టుకుని సాయంత్రం బస్సుకు పాకాల వెళ్ళిపోయింది.

అది పోయింది మాత్రం తనంతట తానే. ఏ పూజకూ కాదు, ఏ మందుకూ కాదు. ముసురు పట్టిన రోజు. పగలే దీపం పెట్టుకునేంత చీకటిగా ఉంది. కొత్త పుస్తకం, అట్ట మీద మంచులో కూరుకుపోయిన ఇల్లు. చిన్నత్త మొదటి పేజీ తెరిచింది. కాసేపు చూసింది. మూసి మళ్ళీ తెరిచింది.

"ఏందత్తా?"

"సెప్పడం లేదు."

వానచుక్కలు రేకుల మీద పడుతున్నాయి. ఆమె చెవిని కొంచెం పక్కకు వంచి కూర్చుంది, దూరంగా ఎవరో పిలుస్తున్నారేమో అన్నట్టు. తరువాత గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. నేను పక్కనుంచి అక్షరాలు చూస్తూనే ఉన్నాను. పుస్తకంలో ఏముంటే అదే చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండు పేజీలు తిరగ్గానే అవ్వ లేచింది.

"ఇది సిన్నది" అని తనలో తాను అనుకున్నట్టు అని, గోడ తడుముకుంటూ తన మంచం దగ్గరికి పోయింది.

చిన్నత్త ఆపలేదు. కథ చివరిదాకా చదివింది. మంచు ఇంట్లోని దెయ్యం అందరినీ చంపేసింది. పుస్తకం మూసి పక్కన పెట్టి, పాప లేస్తుందని పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అక్క చనిపోయినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదని తరువాత నాతో అంది. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు, పాప ఉంది, ఎవరు పెంచుతారన్న మాటలే ఉన్నాయి. ఏడవడానికి వీలు చిక్కలేదట.

ఆ నెలలోనే ఆమెకు నెల తప్పింది. దానికీ దీనికీ ముడిపెట్టి వీధిలో ఆడవాళ్ళు చాలా అన్నారు. నాకైతే ఏమీ తోచలేదు. ఇప్పుడూ తోచదు. తరువాత కూడా చిన్నత్త ఒకటి రెండుసార్లు పుస్తకం తీసింది గానీ, బొమ్మలు చూసి పెట్టేసేది. వంటింట్లో పని లేకపోయినా వంటింట్లోనే ఉండేది. మధ్యాహ్నాలు ఇల్లంతా ఈగల మోత తప్ప ఏమీ వినబడేది కాదు. ఎవరో లేరన్న సంగతి ఆ రోజుల్లోనే ఎక్కువ తెలిసింది. పెద్దత్త పోయినప్పుడు కూడా ఆ ఇల్లు అంత ఖాళీగా లేదు.

నేను పరీక్ష రాసి గట్టెక్కి తిరుపతిలో డిగ్రీలో చేరాను. దసరా సెలవులకు చిత్తూరు పోయేసరికి అవ్వ మంచం పట్టి ఉంది. ఎవరినీ సరిగా గుర్తుపట్టడం లేదు. చిన్నత్త నిండు నెలలతో, ఆయాసపడుతూ, ఆమెను తిప్పి పడుకోబెడుతోంది, ఒళ్ళు తుడుస్తోంది. గంజి పోస్తే అవ్వ పెదవులు బిగించేదట. మూడు పూటలుగా ఏమీ మింగలేదని మామ చెప్పాడు.

పదిగంటల ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అవ్వ ఉన్నట్టుండి స్పష్టంగా పిలిచింది.

"పెద్దదానా!"

చిన్నత్త చేతిలో తడిగుడ్డ ఆగింది. గుడ్డ పిండి గిన్నె అంచున వేసి మంచం మీదికి వంగింది.

"ఆఁ. ఈడే ఉండా అత్తా."

"కోపంగా ఉండాదా?"

నేను చిన్నత్త ముఖమే చూస్తున్నాను. ఆమె చెవి పక్కకు వంచలేదు. దేనికోసమూ ఆగలేదు.

"యాడ కోపం అత్తా. ఆకుమందు కావల్లని అడిగింది నేనే గదా. వేలూరంటే నాకే బయం. సూదులు పొడుస్తారని నేనే పోనంటి. నువ్వు మర్సిపోయినావు."

"నువ్వే అడిగినావా?"

"నేనే అడిగినా. నువ్వు పాపం ఎండలో పోయి ఆకు తెచ్చి నూరిస్తివి."

అవ్వ చాలాసేపు ఆ మాట నములుతున్నట్టు దవడలు ఆడించింది. తరువాత కళ్ళు మూసుకుంది. చిన్నత్త నడుం పట్టుకుని లేచి బయటికి వచ్చింది. నేనూ వెంట వచ్చాను.

"అత్తా, మళ్ళీ వచ్చినాదా?"

"లేదు. ఇది నేనే సెప్పినా."

"ఆకుమందు పెద్దత్తే అడిగిందా, నిజంగా?"

"నాకేం తెలుసు అమ్మణ్ణీ. అప్పుడు నేను మా ఊర్లో ఉంటి."

అంతలో లోపలి నుంచి అవ్వ గంజి అడిగింది. చిన్నత్త గ్లాసు నాకిచ్చింది. సగం తాగాక అవ్వ ఉప్పు చాలలేదంది. మళ్ళీ వేసి తెచ్చాను. మొత్తం తాగింది.